ఆట నడుమ మొదటికి వచ్చు కంప్యూటరు

మన యిండ్లలో కంప్యూటరు నేడు కుట్టుమిషనువలె, రుబ్బుడుయంత్రమువలె సామాన్యవస్తువైనది. లెక్కలు వ్రాసికొనుటకును, పిల్లల చదువులకును, దూరదేశమందున్న బిడ్డల మొగము చూచుటకును అది యుపయోగపడుచున్నది. ఈ పనులన్నిటిలో చెప్పినట్లు నడచుకొను యంత్రమే పిల్లవాడు ఆటకు కూర్చుండినంతనే విపరీతముగా ప్రవర్తించుట పలుగృహములందు వినబడుచున్న ఫిర్యాదు. ఆట మంచి పట్టులో నుండగా తెర నల్లబడును, ధ్వని తెగును, రెండు నిమిషములలో కంప్యూటరు తనంతట తానే మొదటినుండి లేచి, ఏమియు నెఱుగనిదానివలె స్వాగతము పలుకును. ఉత్తరము వ్రాయునపుడు రాని రోగము, చలనచిత్రము చూచునపుడు రాని రోగము ఆటలోనే యేల వచ్చును?

ఈ ప్రశ్నకు ఇంటిలో నొక సమాధానమును, అంగడిలో నొక సమాధానమును సిద్ధముగా నుండును. ఇంటిపెద్దలు ‘పాడు ఆటలు యంత్రమును పాడుచేసినవి’ అందురు. అంగడివాడు ‘బోర్డు పోయినది, క్రొత్తది కొనుడు’ అనును. మొదటిది అత్తమీది కోపము దుత్తమీద చూపుట. రెండవది ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట. పిల్లవాడు నేరము చేయకయే దోషి యగును. సంసారి యింట వేలకొలది రూపాయలు వ్యర్థమగును. నిజమేమనగా, ఆట కంప్యూటరును చెఱచుట చాల అరుదు. లోపల ముందే యున్న దౌర్బల్యమును అది బయటపెట్టుచున్నది. ఆ దౌర్బల్యము తఱచుగా విద్యుత్తునకో, వేడికో సంబంధించినదై యుండును. దానిని కనుగొనుటకు ఇంజనీరు పట్టము అక్కఱలేదు. ఇంటిలో ఎప్పుడు ఏది నడచుచున్నదో యెఱిగినవారి కన్నును, ఓపికయు చాలును. ఈ రెండును సోదరీమణులకు కొఱత గావు.

ఊరక మెట్లెక్కువాడు ఆయాసపడడు. బియ్యపుమూట నెత్తిన పెట్టుకొని యెక్కునపుడే వాని గుండెబలము తెలియును. కంప్యూటరునకు ఆట అట్టి మూట. గ్రాఫిక్స్ కార్డుగల కంప్యూటరు మనము ఉత్తరము వ్రాయునపుడు 60, 70 వాట్ల విద్యుత్తుతో కాలము గడుపుకొనగలదు. అదియే పెద్ద ఆట నడచునపుడు 300 వాట్లను, కొన్ని యిండ్లలో 400 వాట్లను దాటును. మన వంటయింటి మిక్సీ సామాన్యముగా 500 గాని 750 గాని వాట్లది. దానిని మనము నాలుగు నిమిషములు త్రిప్పి ఆపుదుము. వేడెక్కినదేమో యని చేయి పెట్టి చూతుము. పిల్లవాని ఆటలో అట్టి శ్రమ మూడు గంటలు నిలుపులేక సాగును. చలనచిత్రము చూచుట ఇట్టిది కాదు. అందలి బొమ్మలు ముందే సిద్ధమైయున్నవి, వానిని విప్పి చూపుటయే పని. ఆటలోనైతే ప్రతి బొమ్మను అప్పటికప్పుడు లెక్కకట్టి గీయవలెను. అట్టివి సెకనుకు 60 గాని, అంతకు మించి గాని కావలెను.

గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును కంప్యూటరు నేరుగా జీర్ణించుకొనలేదు. సి.పి.యు. అని మనము పిలుచు పెద్దపెట్టెలో వెనుకవైపున ఫ్యానుతోగూడిన చిన్న ఇనుపపెట్టె యుండును. దానినే ఎస్.ఎం.పి.ఎస్. అందురు. అది 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి యవయవములకు పంచిపెట్టును. విందులో వడ్డించువారి స్థానము దానిది. ఆటకు వలయు శక్తిలో నధికభాగము 12 వోల్టుల తీగలమీదుగనే పోవును. ఇచ్చట చిన్న లెక్క చూడుడు. 300 వాట్లను 230 వోల్టులతో తెచ్చుటకు ఇంచుమించు 1.3 ఆంపియర్ల ప్రవాహము చాలును. ఆ 300 వాట్లనే 12 వోల్టులతో పంచుటకు 25 ఆంపియర్లు కావలెను. ఇంతటి ప్రవాహము పోవునపుడు ఒక్క ప్లగ్గు వదులుగా నున్నను ఆ చోటు వేడెక్కి, ఒక్కొక్కప్పుడు నల్లగా కమలిపోవును.

ఈ వడ్డించు పెట్టె మదర్‌బోర్డునకు శక్తితోపాటు ఒక సంకేతమును గూడ ఎడతెగక పంపుచుండును. ‘నా వోల్టులన్నియు సరిగా నున్నవి’ యని దాని భావము. 12 వోల్టుల తీగమీద నూటికి 5 పాళ్ల హెచ్చుతగ్గులు, అనగా 11.4 మొదలు 12.6 వఱకు, సమ్మతములు. ఆటలో కోట కూలు దృశ్యమో, మందుగుండు ప్రేలు దృశ్యమో వచ్చినపుడు గ్రాఫిక్స్ కార్డు ఒక్కపెట్టున అధికశక్తిని గుంజును. బలము తగ్గిన పెట్టె దానికి తాళలేక వోల్టులను జాఱవిడుచును. సంకేతము తప్పును. మదర్‌బోర్డు తత్క్షణమే పనులన్నిటిని నిలిపివేయును. బరువు తొలగగానే వోల్టులు నిలుకడకు వచ్చును, సంకేతము మరల అందును, కంప్యూటరు మరల లేచును. తనంతట తాను మొదటికి వచ్చుటయందలి రహస్యమిదియే. తెరమీద ఏ సందేశమును కనబడకపోవుట చూచి మనము భయపడుదుము గాని, చెప్పుటకు దానికి వ్యవధి యేదీ!

ఈ జాడ్యము మా యింట ఒక వైశాఖమాసమున ప్రవేశించినది. మావారు బడిలో గణితము చెప్పుదురు. వారి తీర్పు నిమిషములో వెలువడెను. ఆట మానవలెను, అంతే. మా అబ్బాయి పదునాఱేండ్లవాడు. తాతగారు పండుగలకిచ్చిన సొమ్ము మూడేండ్లు కూడబెట్టుకొని ఆ గ్రాఫిక్స్ కార్డును తానే కొనుక్కొన్నాడు. తాను చేసినదేమియు లేదని వాడు కన్నీరు పెట్టుకొన్నాడు. ఆటలవలని లాభనష్టములు వేఱు చర్చ. వానిమీద నాకును గొప్ప గౌరవము లేదు. కాని చేయని తప్పునకు బిడ్డను శిక్షించుటకు నా మనసొప్పలేదు. మావారిని నెల గడువడిగితిని. వారు నవ్వి యిచ్చిరి.

కంప్యూటరు బల్లకు నలుబదిపుటల నోటుపుస్తకమును దారముతో కట్టితిమి. తేది, వేళ, ఏ ఆట, మొదలిడిన ఎన్ని నిమిషములకు పడినది, తెరమీద అక్షరములేమైన కనబడినవా, ఆ సమయమున ఇంటిలో ఏయే యంత్రములు నడచుచున్నవి, దీపములు ఒక్కక్షణము మందగించినవా: ఇవి అందలి గళ్లు. ఆట సంగతి అబ్బాయి వ్రాయును, ఇంటి సంగతి నేను వ్రాయుదును. పదునొకండు పతనములు వ్రాసినపిదప పుస్తకమే మాటలాడసాగెను. మధ్యాహ్నమున పడినవే యెక్కువ. తెల్లవాఱుజామున ఒక్కటియు లేదు. మొదటి పతనమునకు నలుబది నిమిషములు పట్టినచో, వెంటనే మరల ఆడిన రెండవది పది నిమిషములకే వచ్చుచుండెను. అప్పటికే కాగియున్న నీరు త్వరగా మఱుగును గదా!

మా తండ్రిగారు నాకు అమరముతోపాటు అన్నంభట్టు తర్కసంగ్రహమును గూడ ఇంటివద్దనే చెప్పిరి. పొగయున్నచోట నిప్పుండుట అన్వయము. నిప్పులేనిచోట పొగ లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును కుదిరినగాని ఒకదానికొకటి సంబంధమున్నదని నిశ్చయింపరాదు. ఇది పండితుల వాదములకే గాక కంప్యూటరునకును సరిపోవును. పెద్దపెట్టె ప్రక్కపలకను ఊడదీసి, ఎదుట బల్లఫ్యానును పెట్టితిమి. ఆనాడు రెండు గంటలాడినను పడలేదు. మఱునాడు పలకను బిగించి ఫ్యానును తీసితిమి. నలుబదిరెండవ నిమిషమున పడెను. ఇంక సందేహమేమి? ఒక్కమాఱు ఒక్కదానినే మార్చుట యీ పరీక్షకు ప్రాణము. తుడుచుట, క్రొత్త ర్యాము వేయుట, విండోసును మరల ఎక్కించుట ఒక్కనాడే చేసినచో రోగము పోయినను దేనివలన పోయినదో తెలియదు. తిరిగి వచ్చినపుడు మూడింటికి మరల డబ్బు పోయవలసియుండును.

వేసవిలో మన గదులు 40 డిగ్రీలు చేరినపుడు చల్లబఱచుటకు లోపలికి పోవు గాలియే 40 డిగ్రీలది. ప్రాసెసరులు చాలవఱకు 100 డిగ్రీల ప్రాంతమున తమ్ము తాము కాపాడుకొనజొచ్చును. మొదట వేగము తగ్గించుకొనును. ఆటలో బొమ్మలు తడబడును. అప్పటికిని వేడి తగ్గనిచో ఆఱిపోవును. లోపలి వేడిని తెరమీద చూపు చిన్న ప్రోగ్రాములు ఉచితముగా దొరకును. ఆట ఆడుచుండగా దానిని ఒక మూలనుంచుకొనుమని పిల్లలకు చెప్పవచ్చును.

మా పెట్టె లోపల చూచినపుడు నాకు సిగ్గువేయలేదు, ఆశ్చర్యము వేసినది. ప్రాసెసరుపై నుండు హీట్ సింకు రేకులనడుమ ధూళి కంబళిముక్కవలె పేరుకొనియుండెను. పెట్టె నేలమీద, బల్ల క్రింద నుండుట మన యిండ్లలో వాడుక. రెండుపూటల చీపురుతో లేచిన దుమ్మును ఫ్యానులు పీల్చుకొనుచుండును. పూజగది దాపున నున్నచో సాంబ్రాణిపొగ, వంటయింటి దాపున నున్నచో తాలింపు జిడ్డు దానికి తోడగును. జిడ్డుతో కలిసిన ధూళి ఊదిన పోదు. కొందఱు బల్లలోని తలుపుగల అఱలో పెట్టెనుంచి ముచ్చటగా మూసివేయుదురు. అది కుంపటిని పెట్టెలో పెట్టి మూతవేయుటయే. జానెడెత్తు పీటమీద, గోడకు బెత్తెడు దూరముగా నుంచుట మేలు.

శుభ్రము చేయుటకు మొదట ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. స్విచ్చి ఆర్పిన చాలదు. మెత్తని కుంచెయు, గాలి యూదు బ్లోయరును చాలును. గాలి యూదునపుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండ పట్టుకొనవలెను. గిఱ్ఱున తిరుగనిచ్చినచో వాని యిరుసులు చెడును. తడిగుడ్డ కూడదు. పెట్టె ఆఱుబయటనో, వసారాలోనో ఉంచి చేసిన దుమ్ము మరల ఇంటిలోనికి రాదు. ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము ఎట్టి పరిస్థితియందును విప్పరాదు. ప్లగ్గు తీసినపిదపగూడ దానిలోని కెపాసిటరులయందు 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. ధూళియంతయు పోయినను ప్రాసెసరు వేడి తగ్గనిచో, దానికిని హీట్ సింకునకును నడుమనుండు థర్మల్ పేస్టు ఎండిపోయినదని తలచవచ్చును. పాతదానిని తుడిచి శనగగింజంత క్రొత్తది పెట్టిన చాలును. ఇది చేయి తిరిగినవారిచే చేయించుట మంచిది.

ఇంతటితో మా యింట నాలుగు నెలలు శాంతి నెలకొన్నది. ఆశ్వయుజమున అబ్బాయి స్నేహితులతో కలిసి క్రొత్త ఆట మొదలుపెట్టెను, పతనములును మొదలయ్యెను. పుస్తకము మరల తీసితిమి. ఈమాఱు రోగలక్షణము వేఱు. ఒకనాడు మూడవ నిమిషమున, ఒకనాడు తొంబదవ నిమిషమున. వేడి 65 డిగ్రీలకు మించలేదు. పలక తీసినను భేదము లేదు. కాని ప్రతిమాఱును తెరమీద ఏదో యొక మహాకోలాహలము జరుగుచుండెను. వేడివలని పతనము కాలమును చూచి వచ్చును. విద్యుత్తువలని పతనము బరువును చూచి వచ్చును. ఈ యొక్కమాట గుర్తున్నచో సగము రోగములు ఇంటిలోనే తేలిపోవును.

దీనికిని వ్యతిరేకపరీక్ష యున్నది, పైసా ఖర్చు లేనిది. ఆటలోనే సెకనుకు ఇన్ని బొమ్మలకు మించరాదని హద్దు పెట్టుటకు వీలుండును. ఆ హద్దును 30కి దింపితిమి. గ్రాఫిక్స్ కార్డు గుంజు శక్తి దిగిపోయెను. మూడుదినములలో ఒక్క పతనమును లేదు. హద్దు తీసిన సాయంకాలమే రెండుమాఱులు పడెను.

ఇట్లుండగా పెట్టెను ఒక అంగడికి పంపితిమి. అచ్చటివారు మూత తీయకయే ‘మదర్‌బోర్డు పోయినది, 38 వేలతో అంతయు మార్చవలెను’ అని చీటీ వ్రాసిరి. మావారు ఆ చీటీ చూచి నిట్టూర్చిరి. అది మాకు నెలజీతములో పెద్దపాలు. బోర్డు పోయినచో హద్దు పెట్టిన మూడుదినములు ఎట్లు నడచెనని నోటుపుస్తకమును చూపి యడుగుమని నేను చెప్పి పంపితిని. ఆ ప్రశ్నకు అంగడిలో ఉత్తరము లేదు. పెట్టెను ఇంటికి తెచ్చుకొని, దాని ఎస్.ఎం.పి.ఎస్. మీద అంటించిన కాగితమును చదివితిమి. పెద్ద అక్షరములతో 450 వాట్లని యున్నది. క్రింద చిన్నగళ్లలో 12 వోల్టులకెదురుగ 18 ఆంపియర్లని యున్నది. రెంటిని హెచ్చించిన 216 వాట్లు మాత్రమే! పేరు 450, వడ్డింప గలిగినది 216. ఆ కార్డును చేర్చకముందు అది చాలియుండెను. కార్డు వచ్చినపిదపగూడ చిన్న ఆటలకు ఎట్లో లాగుకొని వచ్చెను. క్రొత్త ఆట వచ్చునప్పటికి చేతులెత్తివేసెను. సోదరీమణులు తమ యింటి పెట్టెమీది యీ చిన్నగడిని ఒకమాఱు చదివి చూడుడు.

ప్రక్కవీథిలోని అబ్బాయి స్నేహితుని యింటినుండి ఎస్.ఎం.పి.ఎస్.ను శని, ఆదివారములకు ఎరువు తెచ్చి బిగింపించితిమి. రెండుదినములును హద్దులేని ఆట నిర్విఘ్నముగా సాగెను. సోమవారము పాతది బిగించితిమి, ఇరువది నిమిషములకు పడెను. మూడువేల తొమ్మిదివందల రూపాయలకు 550 వాట్ల క్రొత్తదానిని కొంటిమి. మావారు అబ్బాయిని పిలిచి, ‘ఆట నీది, తప్పు నీది కాదు’ అనిరి. బడిపంతులుగారు తీర్పు మార్చుట మా యింట పండుగవంటిది.

మన ఇంటిలైనులోని దోషమును గూడ గమనింపవలెను. ఏ.సి.యో, నీళ్లమోటారో మొదలగునపుడు దీపములు మందగించుట, ఆ క్షణముననే కంప్యూటరు పడుట జరిగినచో, ఒకే లైనుమీద అన్నియు కట్టియున్నవన్నమాట. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కంప్యూటరును, ఇస్త్రీపెట్టెను తగిలించుట కూడదు. ఇన్వర్టరు సంగతి వేఱు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొనునంతలో రెప్పపాటు వ్యవధి యుండును. ఎస్.ఎం.పి.ఎస్. తనలో నిలువచేసికొన్న శక్తితో సెకనులో నూఱవవంతు, ఒకటిన్నర వంతు మాత్రమే ఓర్చుకొనగలదు. ఊరకున్న కంప్యూటరు ఆ రెప్పపాటును దాటిపోవచ్చును. ఆటలోనున్నది ఆ నిలువను త్వరగా త్రాగివేసి పడిపోవును. ఇందువలననే ‘కరెంటు పోయినను నా కంప్యూటరు ఆగదు, తమ్ముని ఆట మాత్రము ఆగును’ అని పిల్లలు తగవులాడుకొనుట. ఇన్వర్టరు వెనుక యు.పి.ఎస్. అని గుర్తుగల మీట యున్నచో దానిని ఆ వైపునకు త్రిప్పిన వ్యవధి తగ్గును. కంప్యూటరుకొఱకే కొన్న చిన్న యు.పి.ఎస్.లోను చిక్కున్నది. 600 వి.ఏ. అని వ్రాసియున్నది సాధారణముగా 360 వాట్లకు మాత్రమే చాలును. ఉత్తరములకు ధారాళముగా సరిపోవును. పెద్ద ఆట నడుమ కరెంటు పోయినచో బరువు మోయలేక తానే ఆఱిపోవును.

ఇంతవఱకు చెప్పినవి తెర నల్లబడి మాటలేక పడు కంప్యూటరును గూర్చి. నీలితెర యొక్కక్షణము మెఱసి పోవుచున్నచో కథ మాఱును. అచ్చట కంప్యూటరు తన బాధను చెప్పుచున్నది, మనము చదువులోపల చెరిపివేయుచున్నది. విండోసులో సిస్టమ్ ప్రాపర్టీస్ అను చోట, అడ్వాన్స్‌డ్ అను భాగమున, స్టార్టప్ అండ్ రికవరీ క్రింద తనంతట తాను మొదలగుటను గూర్చిన గడియున్నది. అందలి గుర్తును తీసివేసినచో నీలితెర నిలిచియుండును. పిల్లలు ఫోనుతో దాని చిత్రమును తీయవచ్చును. ఈవెంట్ వ్యూయర్ అను దినచర్యపుస్తకమును గూడ విండోసు వ్రాసికొనుచుండును. అందు కెర్నెల్-పవర్ 41 అను ఎఱ్ఱగుర్తు కనబడును. దీనిని చూపి భయపెట్టువారున్నారు. ‘క్రిందటిమాఱు నన్ను సరిగా ఆర్పలేదు’ అని కంప్యూటరు చెప్పుకొనుట తప్ప దానికి వేఱు అర్థము లేదు. కారణము అందులో నుండదు.

నీలితెరలు రోజుకొక పేరుతో వచ్చుచు, ఆటలోనే గాక ఇతరపనులలోగూడ అప్పుడప్పుడు కనబడినచో ర్యామును అనుమానింపవలెను. మన యంగళ్లలో ర్యాము ఊడదీసి, దాని బంగారుపూత పండ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, మరల గట్టిగా నొక్కి పెట్టుదురు. చూచుటకు పిల్లలచేష్టవలె నుండును గాని, తేమగల మన తీరదేశములందు ఆ పండ్లకు పట్టిన మకిలి వదలి పలుమాఱులు గుణమిచ్చును. ప్లగ్గు తీసి, రబ్బరుపొడి దులిపి చేయవలెను. విండోసులోనే మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షయున్నది. రాత్రి పడుకొనునపుడు పెట్టిన ఉదయమునకు ఫలము తెలియును. రెండు ర్యాములున్నచో ఒక్కొక్కటిగా వేసి ఆడించి చూచుట మన అన్వయవ్యతిరేకములే. వేగము పెంచు నిమిత్తము పిల్లలు బయోసులో అమరికలు మార్చియున్నచో వానిని మొదటి స్థితికి తెచ్చి చూడవలెను.

ఆటను, తయారుచేసినవారిని పూర్తిగా నిర్దోషులని చెప్పుటకును వీలులేదు. 2021 జూలైలో న్యూ వరల్డ్ అను ఆటను పరీక్షార్థము విడుదల చేసినపుడు కొందఱి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు చెడినవి. ఆట పట్టికను చూపు చోట బొమ్మల సంఖ్యకు హద్దు లేకుండెను. తయారుచేసినవారు తరువాత హద్దు పెట్టిరి. కాని ఆ కార్డులను చేసిన ఈవీజీఏ సంస్థవారు తమ కార్డులు కొన్నిటిలో టంకము సరిగా పడలేదని ఒప్పుకొనిరి. ఇచ్చటను ఆట బరువు మోపినది, లోపము ముందే యున్నది. 2024లో ఇంటెల్ సంస్థవారి పదుమూడవ, పదునాలుగవ తరముల ప్రాసెసరులు కొన్ని ఆటలలో తఱచు పడిపోవుటకు, అవి తమకు వలసినదానికంటె హెచ్చు వోల్టులను కోరుటయే కారణమని ఆ సంస్థయే తెలిపినది. ఆ సంవత్సరము ఆగస్టునుండి బయోసుద్వారా సవరణలు పంపి, పూచీని రెండేండ్లు పొడిగించెను. ఆ తరముల ప్రాసెసరులున్నవారు బయోసును క్రొత్తదిగా చేయించిరా లేదా విచారించుకొనవలెను. గ్రాఫిక్స్ కార్డులు క్షణకాలము గుంజు అధికశక్తిని తట్టుకొనుటకై 2022లో ఏటీఎక్స్ 3.0 అను క్రొత్త నియమము వచ్చినది. దానిననుసరించిన పెద్ద ఎస్.ఎం.పి.ఎస్.లు తమ చెప్పుకొన్న బలమునకు రెండింతలను సెకనులో పదివేలవవంతు కాలము ఓర్చుకొనవలెను. కార్డులు ఎంతటి తిండిపోతులైనవో దీనివలన తెలియుచున్నది.

ల్యాప్‌టాపులను గూర్చి రెండుమాటలు చాలును. వానిలో ఇట్టి దోషములు చాలవఱకు వేడివే. పఱుపుమీద, దుప్పటిమీద పెట్టి ఆడినచో క్రిందనున్న గాలిదారులు మూసికొనిపోవును.

పరీక్షలన్నిటికి ముందు చేయవలసిన పనిని ఇచ్చట చెప్పుచున్నాను, ఏలయనగా ఇది మాత్రము వాయిదా వేయగూడనిది. కంప్యూటరు వ్రాయుచుండగా హఠాత్తుగా ఆఱినచో సగము వ్రాసిన ఫైలు చెడును. దురదృష్టముండినచో డిస్కుయొక్క పట్టికయే చెడును. ఆటలోని గెలుపు పోయిన పిల్లవాడు ఒకపూట అలుగును. పెండ్లిఫోటోలు, గతించిన పెద్దల కంఠధ్వనులు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు పోయినచో ఏమి చేయుదుము? మొదటి పతనము జరిగిననాడే వానిని వేఱొక డిస్కులోనికి ఎత్తించి, ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీసి బీరువాలో నుంచవలెను.

క్రొత్త ఎస్.ఎం.పి.ఎస్. కొనునపుడు పెద్ద అక్షరముల వాట్లను నమ్మక 12 వోల్టుల గడిలోని ఆంపియర్లను చూచి హెచ్చించుకొనుడు. 80 ప్లస్ అను ముద్ర యుండుట మేలు. 2004లో మొదలైన ఈ ముద్ర పెట్టె విద్యుత్తును వేడిగా వ్యర్థముచేయక వాడునని తెలుపును. గ్రాఫిక్స్ కార్డునకు ఎన్ని పిన్నుల ప్లగ్గులు వలయునో ముందే వ్రాసికొని పొండు. 6 పిన్నులది 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు ఉద్దేశింపబడినది. మఱొక తీగనుండి అతుకులు పెట్టి ప్లగ్గును కల్పించెదనను అంగడివానికి ఒప్పుకొనరాదు. బిల్లుమీద సీరియలు సంఖ్య వ్రాయించుకొనుడు, పూచీ దానిమీదనే నడచును. గోడలోని ప్లగ్గునకు ఎర్తింగు సరిగానున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే ఆనాడే చూపించుట మంచిది. పాతదానిని అటకమీద వేయునపుడు దానిమీద ‘బలము చాలదు’ అని కాగితమంటించితిని. లేకున్న మఱుసటి సంవత్సరము ఎవరో యొకరు మంచిదని తలచి మరల బిగింతురు.